మేడమ్ ఆపిన రిపోర్టు

మేడమ్ పోయారన్న కబురు వాళ్లాయన చెప్పారు. పొద్దున్నే ఫోను మోగింది. ఆ నంబరు నుంచి ఎప్పుడూ మేడమే చేసేవారు, ఆయన చేసింది లేదు. "అమ్మా, మీ మేడమ్ ఈ పొద్దు లేయలేదమ్మా" అన్నారు. నాకు బుర్రకెక్కలేదు. ఒంట్లో బాగాలేదేమో, ల్యాబుకు రారని చెబుతున్నారేమో అనుకుని, "పరవాలేదు సార్, ఇక్కడ నేను చూసుకుంటాను" అనేశాను. ఆయన మాట్లాడలేదు. ఫోను పెట్టేయనూ లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. అప్పుడు తెలిసింది నాకు.

నా ముందు బల్ల మీద సగం నింపిన ట్యూబులున్నాయి. అన్నీ వదిలేసి పరిగెత్తాలనిపించింది. కానీ అలా పోయి ఉంటే మేడమ్ పడుకున్న చోటి నుంచే లేచి తిట్టేవారు. "ఎవరో బిడ్డ తల్లి బయట కాసుకోనుంటే నువ్వు నన్ను చూసేకి వచ్చినావా? నేనేడికి పోతాను?" అని. అంత పనీ చేసేవారు! కన్నీటి చుక్క ట్యూబులో పడితే నా డీఎన్‌ఏ కూడా అందులో కలిసిపోతుంది. అందుకని మాస్కు పైకి లాక్కుని, మెడ పట్టేసేలా తల వెనక్కి పెట్టి ఆ పని ముగించాను. ట్యూబులు మిషన్లో పెట్టి, మూత వేసి, చేతి తొడుగులు తీసి, అప్పుడు ఏడ్చాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవరైనా పత్రికలో రాస్తామని వస్తే "నా పేరేంటికప్పా, రిపోర్టు కింద సంతకం ఉండాది కదా" అని పంపించేసేవారు. ఆ మాట నేను దాటను. ఆవిడ అణుజీవ శాస్త్రవేత్త. రక్తపు చుక్కలోంచి డీఎన్‌ఏ తీసి, జబ్బు తెచ్చే తప్పు అందులో ఉందో లేదో చూసి చెప్పడం మా పని. ఇప్పుడైతే వీధికో బోర్డు కనిపిస్తోంది గానీ, తొంభైల మొదట్లో బెంగళూరులో ఈ పని చేసేవాళ్లు చాలా కొద్దిమంది. మేడమ్ ఒక పెద్ద సంస్థలో పరిశోధన చేసేవారు. మంచి ఉద్యోగం, ఎదురు చెప్పేవాళ్లు లేరు. అది వదులుకుని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక మేడ మీద చిన్న ల్యాబు పెట్టారు. అప్పుడక్కడ ఇళ్లకన్నా ఖాళీ సైట్లే ఎక్కువ. మా కిటికీలోంచి చూస్తే ఆవులు మేస్తుండేవి. ఎందుకు మేడమ్ ఆ ఉద్యోగం వదిలారు అని అడిగితే, "నేను రాసిన పేపర్లు చదివేకి మస్తు మంది ఉండారు. జబ్బు బిడ్డను ఎత్తుకోని వచ్చినామెకు కూర్చోపెట్టుకోని చెప్పేకి ఎవరుండారు?" అన్నారు.

తరతరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగు కుటుంబం వాళ్లది. ఇంగ్లీషులో మాట్లాడితే ఎక్కడ చదివారో అనిపించేది, తెలుగులోకి వస్తే మా ఆనేకల్ సంతలో మాట్లాడుకున్నట్టే ఉండేది. మధ్యలో కన్నడం దొర్లుతూనే ఉండేది. "స్వల్ప ఆగు" అన్న మాట రోజూ వినేదాన్ని. ట్యూబు తొందరగా తీసినా స్వల్ప ఆగు, రిపోర్టు కవర్లో పెట్టబోయినా స్వల్ప ఆగు. అనంతపురం, కోలారు, హోసూరు వైపు నుంచి వచ్చే రైతుల కుటుంబాలు పెద్ద డాక్టరమ్మ అని భయపడుతూ వచ్చి, ఈవిడ నోట "ఏమప్పా, బస్సు ఎన్ని గంటలకు ఎక్కితిరి?" అన్న మాట వినేసరికి కుర్చీలో సర్దుకుని కూర్చునేవాళ్లు.

నేను చేరినప్పుడు మడివాళలో పేయింగ్ గెస్టుగా ఉండేదాన్ని. ఎమ్మెస్సీలో ఫస్టు క్లాసు. ఆ గర్వంతో వెళితే మేడమ్ నాకు ఒక పిపెట్టు, ఒక గ్లాసు నీళ్లు ఇచ్చి కొలవమన్నారు. చుక్క తీయడం, తూకం వేయడం, మళ్లీ తీయడం. వారమంతా అదే. ఊళ్లో మా అమ్మ ఫోన్లో "ఏం పని చేస్తాండావే?" అంటే నీళ్లు కొలుస్తున్నానని చెప్పడానికి సిగ్గేసింది. ఒకరోజు ఉండబట్టలేక ఇదెందుకని అడిగేశాను. మేడమ్ కళ్లజోడు పైకి తోసి, "నోరు అబద్ధం చెప్తే ఎవరన్నా పట్టుకుంటారు. చెయ్యి అబద్ధం చెప్తే ఎవురికీ తెలీదప్పా" అన్నారు. మర్నాడు మొదటిసారి నిజమైన నమూనా చేతికిచ్చారు.

ఐసు మిషను చెడిపోయిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మా పనికి ఐసు లేకపోతే గడవదు. మేడమ్ థర్మకోల్ డబ్బా చంకన పెట్టుకుని మడివాళ మార్కెట్‌కు నడిచేవారు, వెనక నేను. చేపల అంగళ్ల ముందు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి, చేప వద్దు ఐసు మాత్రం కావాలని బేరం. పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టని మనిషి! ఒక అంగడామెకు ఇది ఎంతకీ అర్థమయ్యేది కాదు. "చేప లేకుండా ఉత్త ఐసు తీసుకోని ఏం వండుతారమ్మా?" అని అడిగేది. "మనుషుల రక్తం" అని మేడమ్ ఎంతో మామూలుగా చెప్పేవారు. ఆ తర్వాత ఆమె మమ్మల్ని చూడగానే ఏమీ అడక్కుండా డబ్బా నింపి పంపించేసేది.

మా దగ్గరికి ఎవరొచ్చినా మొదటి పని వంశవృక్షం గీయడం. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి ఒక గీత. దగ్గరి చుట్టరికంలో పెళ్లయితే జంట గీత. మా వైపు వాళ్లకు జంట గీతలే ఎక్కువ. మేనమామను చేసుకున్నవాళ్లు, మేనబావను చేసుకున్నవాళ్లు. అప్పటికే ఎక్కడో ఏ కుర్ర డాక్టరో "చదువుకోలేదా, మేనరికం ఎందుకు చేసుకున్నారు?" అని తిట్టి పంపి ఉంటాడు. అందుకని చుట్టరికం చెప్పడానికి నోరు రాదు వాళ్లకు, తల వంచుకుంటారు. మేడమ్ పెన్సిలుతో జంట గీత గీస్తూ, "మా అమ్మా నాయనకూ ఇట్లే రెండు గీతలు. నేనూ రెండు గీతల బిడ్డనే, చూడండి ఎట్లుండానో" అని నవ్వేవారు. ఆ నవ్వుతో వాళ్ల నోళ్లు తెరుచుకునేవి. వాళ్లు వెళ్లాక నాతో, "తిట్లు తినేకి కాదు వాళ్లు బస్సు చార్జీ పెట్టుకోని వచ్చింది" అనేవారు.

నాదీ అలాంటి ఇల్లే. మా అక్కను మా అమ్మ చిన్న తమ్ముడికే ఇచ్చారు. మామ ఆనేకల్‌లో పట్టు చీరలు నేస్తాడు. మంచివాడు, అక్కంటే ప్రాణం. వాళ్ల మొదటి బిడ్డ, మగపిల్లాడు, తలసీమియాతో పోయాడు. ఆ జబ్బున్న పిల్లలకు ఒంట్లో సరైన రక్తం తయారవదు, నెలనెలా ఎక్కిస్తూ ఉండాలి. బాబు నడక నేర్చింది ఆసుపత్రి వరండాలోనే. వాడు పోయాక అక్క చాలాకాలం మనుషుల్లో పడలేదు. మళ్లీ కడుపుతో ఉన్నానని తెలిసినప్పుడు సంతోషపడలేదు, భయపడింది. నా చెయ్యి పట్టుకుని, "ఇంకొక బిడ్డను అట్ల చూడలేనే. ఈసారి ముందే చెప్పించవే మీ మేడమ్‌తో" అంది.

తలసీమియాలో లెక్క ఇలా ఉంటుంది. తప్పు అమ్మ నుంచో నాన్న నుంచో, ఒక్కరి నుంచే వస్తే బిడ్డకు ఏ ఢోకా లేదు, అక్కా మామల్లాగే హాయిగా బతుకుతుంది. ఇద్దరి నుంచీ వస్తే బాబులాగే. కడుపులో ఉన్న బిడ్డది ఏ సంగతో తెలియాలంటే బిడ్డతో పాటే పెరిగే మావి నుంచి చిన్న ముక్క తీసి చూడాలి. అక్కది పెద్దాసుపత్రిలో తీశారు, ట్యూబు మా ల్యాబుకొచ్చింది. మేడమ్ దాన్ని నన్ను ముట్టుకోనివ్వలేదు. "మనవాళ్ల ట్యూబు మన చేతికి రాకూడదు. చెయ్యి ఆశపడతాది" అని, తలుపు వేసుకుని అంతా తానే చేశారు.

ఫలితం వచ్చిన రోజు మధ్యాహ్నం నేను సంతకాల కోసం లోపలికి వెళితే బల్ల మీద డీఎన్‌ఏ ఫోటో ఉంది. మామది ఒక వరస, అక్కది ఒక వరస, పక్కన బిడ్డది. నల్లటి ఫోటో మీద తెల్లటి అడ్డగీతలు. చదవడం నాకు వచ్చు కదా, ఒక్క చూపు చాలు. అమ్మయ్య, బిడ్డకు ఒక్క తప్పే ఉంది!

"చూసినావా?" అన్నారు మేడమ్.

"చూశాను మేడమ్. అచ్చం అక్కది మాదిరే ఉంది. బిడ్డకు ఏమీ లేదు కదా?"

"అచ్చం అక్కది మాదిరే ఉండాది. అదేనప్పా నా భయం. ఇది బిడ్డదో, మీ అక్కదేనో నాకు తెలిసేదెట్ల?"

ఫోటో చేతిలోకి తీసుకుని మళ్లీ చూశాను. మావి ముక్కతో తల్లి కండ, తల్లి రక్తం కలిసి వస్తుంది ఒక్కోసారి. అప్పుడు మనం బిడ్డది చూస్తున్నామనుకుని తల్లిదే చూస్తాం. బిడ్డకు జబ్బున్నా లేనట్టే కనిపిస్తుంది. అక్క నమూనా చాలా చిన్నది, పైగా రక్తంలో తడిసి వచ్చింది. మామూలుగా అయితే దీనికి ఒక పరీక్ష ఉంది. తండ్రి డీఎన్‌ఏలో ఉండి తల్లి దాంట్లో లేని గుర్తు ఒకటి వెతుకుతాం. అది కనిపిస్తే నమూనా బిడ్డదే అని నమ్మకం. మేడమ్ మా దగ్గరున్న గుర్తులన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేసి చూశారు. అక్కకు ఎక్కడ గీత ఉంటే మామకూ అక్కడే. మేనమామ, మేనకోడలు మరి! "మీ అక్కా మీ మామా ఒక్క కండె దారమప్పా, ఎక్కడ పట్టుకోని విడదీయాల?" అని తల పట్టుకున్నారు.

అక్కనూ మామనూ పిలిపించి మేడమ్ ఏదీ దాచకుండా చెప్పారు. "చూసేకి మంచిగానే ఉండాది. కానీ నాకు నమ్మకం లేదు. కొన్ని వారాలు ఆగి మళ్లా ఒకసారి సూది వేసి, ఉమ్మనీరు తీసి చూడాల" అన్నారు. రెండో సూది అంటే బిడ్డకు ఎంతో కొంత ప్రమాదం. ఇంకా ఆలస్యమైతే, జబ్బుందని తేలినా చేసేదేమీ ఉండదు. అప్పుడు గర్భం తీయడానికి చట్టం ఒప్పుకోదు. మామ చేతులు కట్టుకుని గోడకానుకుని నిలబడ్డాడు. అక్క మాత్రం లేచింది.

"మంచిగా ఉండాది అంటాండారు కదా మేడమ్, అదే రాసియ్యండి. మీకు నమ్మకం లేకుంటే పోనీ, నాకుండాది."

"ఆ నమ్మకంతో నువ్వు మోసి కని, బిడ్డ చేతికొచ్చినంక మళ్లా తెల్లగా పాలిపోతే? అప్పుడు నీ మొగం నేనెట్ల చూడాలమ్మా?"

"నా మొగం మీరు చూడొద్దులెండి. ఈ కాగితం ఇయ్యండి చాలు."

మేడమ్ ఇవ్వలేదు. అక్క వరండాలో ఏడ్చిన ఏడుపుకు కింద ఇంటివాళ్లు పైకొచ్చి చూశారు. నాకు మేడమ్ మీద ఒళ్లు మండిపోయింది. నాలో శాస్త్రం తెలిసిన మనిషి ఆవిడది సరేనంటోంది, నాలోని చెల్లెలు మాత్రం ఆ కాగితం లాక్కొచ్చి అక్క చేతిలో పెట్టాలంటోంది. అన్ని వారాలూ మొహం మాడ్చుకునే తిరిగాను. మేడమ్ పట్టించుకోలేదు. "నాతో మాట్లాడకుంటే పరవాలేదు, పిపెట్టు మాత్రం పైకి ఎత్తి పట్టుకో" అనేవారు. నవ్వాపుకోవడానికి తల తిప్పుకునేదాన్ని. ఆ సమయమంతా ఆవిడ ఊరికే కూర్చోలేదు. ఏ ఊళ్లో ఏ స్నేహితురాలి ల్యాబులో కొత్త గుర్తు ఉందని తెలిసినా అడిగి తెప్పించారు. అక్కదీ మామదీ పక్కపక్కన వేసి చూడటం, లేదని పారేయడం. ఒకరోజు లోపలి గదిలోంచి పెద్ద కేక. "దొరికిందప్పా! మీ మామ వేరే, మీ అక్క వేరే!" అని చిన్నపిల్లలా గంతులేస్తూ వచ్చి నా ముఖానికి ఫోటో అంటించినంత పని చేశారు.

మొదటి నమూనా చిన్నది కదా, అప్పటికే అయిపోయింది, అందుకని రెండో సూది వేశారు. బిడ్డకు ఏమీ కాలేదు. ఈసారి నమూనాలో మామ గుర్తు స్పష్టంగా ఉంది, అంటే అది బిడ్డదే. తప్పు ఒక్కటే ఉంది. మొదట వచ్చిందే నిజం. అంటే మొదటిరోజు ఆ కాగితం ఇచ్చేసి ఉన్నా ఏమీ మునిగిపోయేది కాదు.

అక్క వచ్చినప్పుడు మేడమ్ ఎదురెళ్లి రెండు చేతులూ పట్టుకున్నారు. "బిడ్డకు ఏమీ లేదమ్మా. మొదట వచ్చిందే సరి. నిన్ను ఉత్తగానే ఏడిపించినాను, నన్ను క్షమించు" అన్నారు. పెద్దావిడ, అంత చదువు చదివిన మనిషి, నా కళ్ల ముందే ఆనేకల్ మగ్గాల వీధి పిల్లను క్షమించమని అడిగారు. ఆ తర్వాత ఊరుకున్నారా? "ఇంకొకసారి ఇట్లే వస్తే ఇట్లే చేస్తాను. అదీ చెప్పాల కదా" అన్నారు. అక్క చేతులు విడిపించుకుని, రిపోర్టు తీసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది. మామ మాత్రం వెనక్కి తిరిగి దణ్ణం పెట్టాడు.

పాప పుట్టింది. బంగారంలాంటి పిల్ల. నేను ఊరెళ్లొచ్చిన ప్రతి సోమవారం మేడమ్ అడిగేవారు, "పాప ఎట్లుండాది? ఒకసారి తెచ్చి చూపించమను." అక్కకు చెబితే, "ఆమె పేరెత్తితేనే నా కడుపులో సూది దిగినట్టుంటాదే, నా వల్ల కాదు" అనేది. ఒక దీపావళికి మేడమ్ గౌను కొని ఇచ్చారు. అక్క అది పాపకు తొడిగింది, ఫోటో కూడా తీయించింది, రావడం మాత్రం రాలేదు. నేను ఆ ఫోటో తెచ్చి చూపిస్తే మేడమ్ కళ్లజోడు పైకి తోసి, కిటికీ దగ్గరికి వెళ్లి, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూశారు, ల్యాబులో తీసిన ఫోటో చూసినట్టే. "బుగ్గలు చూడు, రక్తం బాగా పట్టింది" అన్నారు. చాలాసేపు వెనక్కివ్వలేదు. పిల్లల్లేరు మేడమ్‌కు. ఆ విషయం మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

పాప ఇప్పుడు బడికి పోతోంది. మేడమ్ ఆ పిల్లను కళ్లారా చూడకుండానే పోయారు. చావుకు కూడా అక్క రాలేదు. మామ వచ్చి, ఒక మూల నిలబడి, వెళ్లిపోయాడు.

మేడమ్ లేని ల్యాబు ఎలా ఉందని అందరూ అడుగుతున్నారు. పని నడుస్తోంది. మిషన్లు కొత్తవి, ఐసు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, కిటికీలోంచి చూస్తే ఆవులు లేవు, అపార్టుమెంట్లే. కానీ రిపోర్టు కవర్లో పెట్టేటప్పుడల్లా నా చెయ్యి తనంతట తానే ఆగుతోంది. ఎవరో "స్వల్ప ఆగు" అంటారని. ఎవరూ అనరు. ఆ మాట ఎంత విసుగనిపించేదో ఒకప్పుడు! ఇప్పుడు ఒక్కసారి వినిపిస్తే చాలు అనిపిస్తోంది. ఎవరితో చెప్పుకోను?

మొన్నీ మధ్య ఒకరి నమూనా వచ్చింది. కడుపుతో ఉన్నామె, మొదటి బిడ్డను పోగొట్టుకుంది. ఫలితం మంచిగా ఉంది. అచ్చం తల్లిది మాదిరే. తండ్రి గుర్తు వెతికితే ఎక్కడా తేడా దొరకలేదు. ఇప్పుడు మా దగ్గర అప్పటికన్నా ఎన్నో గుర్తులున్నాయి, అయినా దొరకలేదు. ఆమె వరండాలో కూర్చుని ఉంది. నేను లోపల రిపోర్టు ముందు పెట్టుకుని కూర్చున్నాను. సంతకం పెట్టేస్తే ఆమె నవ్వుతూ ఇంటికి పోతుంది. చాలావరకు అదే నిజం అయి కూడా ఉంటుంది. ఇవ్వకపోతే ఆమె ఏడుపు నేను చూడాలి. మేడమ్ ఉంటే ఆవిడ చూసేవారు, నేను తలుపు వెనక ఉండేదాన్ని.

అప్పుడే అక్క ఫోను చేసింది. పాప బడి సంగతేదో చెప్పబోయింది. నా గొంతు విని, "ఏమయిందే?" అంది. ఎవరో, ఏ ఊరో చెప్పకుండా, ఇలా ఒకామె బయట కాచుకుని ఉంది, ఫలితం బాగుంది, నాకే నమ్మకం కలగడం లేదు అని మాత్రం చెప్పాను.

పాప బడి సంగతి అక్కడే వదిలేసింది.

"మేనరికమా?" అంది అక్క.

"ఊ."

"ఇయ్యొద్దే."

"ఏడుస్తుందక్కా."

"ఏడవనీ. నేనేడవలేదా? మీ మేడమ్‌ను తిట్టని తిట్టు లేదు. కానీ రెండోసారి ఆమె చెప్పినాక, ఇంటికొచ్చి పాపను కడుపులో పెట్టుకోని నిద్రపోయినాను చూడు, బాబు పోయినంక అట్లాంటి నిద్ర నాకు అదే మొదలు. ఆ కాగితం ముందే ఇచ్చింటే ఆ నిద్ర వచ్చుండేదా? రోజూ లేచి పాప కంటి రెప్పలు దించి తెల్లగా పాలిపోయిందేమోనని చూసుకుంటా కూర్చునేదాన్ని." అక్క ఏడవడం మొదలుపెట్టింది. "ఇంత తెలిసీ ఆమెకు ఒక్క మాట చెప్పలేదే నేను. పాపను ఎత్తుకోనిపోయి ఒళ్లో కూర్చోపెట్టలేదే."

ఇద్దరం ఏడ్చాం. కాసేపయ్యాక అక్కే, "పో, ఆమె కాసుకోనుండాది" అని ఫోను పెట్టేసింది.

నేను సంతకం పెట్టని రిపోర్టు బల్ల మీదే వదిలేసి, ముఖం కడుక్కుని తలుపు తీశాను. వరండాలో ఆమె ఒక్కతే ఉంది. నా చేతుల్లో కాగితం లేకపోవడం చూసింది. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, నేను కూర్చోవడానికని పక్క కుర్చీలో పెట్టుకున్న సంచీని తీసి ఒళ్లో పెట్టుకుంది.